కాన్‌కూన్ బీచ్ నుంచి ఒక్క రోజులో చిచెన్ ఇట్సా చూసి రావడం ఎలా?

మెక్సికోలోని కాన్‌కూన్ రిసార్టులో మూడో రోజుకల్లా ఇసుకా, బఫేలూ మొహం మొత్తుతాయి. మాయా నాగరికత నాటి పిరమిడ్ గుర్తొచ్చేది అప్పుడే. అది ఉన్న పాత శిథిల నగరం చిచెన్ ఇట్సా అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు.

ముందు గడియారం సంగతి చూసుకోండి. చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రం కాన్‌కూన్ కన్నా గంట వెనక. పొద్దున ఆరింటికి బయల్దేరితే అక్కడి టైము ప్రకారం ఏడున్నరకే చేరతారు. గేటు తెరిచేది ఎనిమిదింటికి. ఎండ ముదరకముందే, బస్సులు దిగకముందే సగం చూసేయొచ్చు.

నలుగురుంటే కారు అద్దెకు తీసుకోవడమే మేలు. మొదటిసారి మేం టూర్ బస్సెక్కాం. హోటల్ హోటల్‌కీ ఆగి, దారిలో బొమ్మల దుకాణం దగ్గర ముప్పావుగంట నిలబెట్టి, సరిగ్గా మిట్టమధ్యాహ్నం దింపాడు. టోల్ రోడ్డుకీ, టికెట్లకీ పెసోలు నగదుగా ఉంచుకోండి. ప్రవేశ రుసుము రెండు ముక్కలు: ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. ఒకటే కొని గేటు దాకా నడిస్తే వెనక్కి పంపుతారు.

లోపలికి వెళ్లగానే నేరుగా కుకుల్కాన్ పిరమిడ్‌కే నడవండి. ఎక్కనివ్వరు, ఆశ పెట్టుకోవద్దు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన అరుగుతో కలిపి 365. మెట్లకు ఎదురుగా నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. తిరిగొచ్చేది చప్పట్టు కాదు, పిట్ట కూత! అక్కడివాళ్లు దాన్ని కెత్సాల్ పక్షి అరుపుతో పోలుస్తారు. జనం పెరిగితే ఆ కూత గోలలో కలిసిపోతుంది, అందుకే పొద్దున్నే అనేది. తర్వాత 168 మీటర్ల పొడవున్న బంతాట మైదానం, ఆపైన పవిత్ర సెనోటే. ఆ నీటిగుంటను ఒడ్డు నుంచి చూడ్డమే.

ఈతకు మూడు కిలోమీటర్ల దూరంలోని ఇక్ కిల్ సెనోటే ఉంది. దిగేముందు స్నానం చేసి సన్‌స్క్రీన్ కడిగేసుకోవాలి.

భోజనం 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తిరుగుదారిలోనే ఉన్న వయ్యదొలిద్ ఊళ్లో. శాకాహారులు బీన్స్‌లో పందికొవ్వు వేశారేమో అడిగి తినండి. పక్కన పెట్టే హబనేరో మిరప పచ్చడిని గుంటూరు కారం తిన్న ధీమాతో చెంచాడు వేసుకోకండి. ఇక మూడింటికల్లా లేవాలి, కాన్‌కూన్‌లో అప్పటికే నాలుగు.