ఇన్‌ఛార్జి హెచ్‌ఎం అయ్యాక స్టాఫ్‌రూమ్ దూరమైతే

బడిలో హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) రిటైరయ్యారు, మీరు సీనియర్ స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) కాబట్టి బాధ్యతలు మీకు అప్పగించారు. నిన్నటిదాకా "ఏం మాస్టారూ" అని పలకరించినవాళ్లు ఇవాళ "సార్" అంటున్నారు. మీరు గుమ్మంలోకి రాగానే కబుర్లు ఆగిపోతున్నాయి. దీన్ని పగ అనుకోకండి. సీఎల్ (క్యాజువల్ లీవ్) మొదలుకొని జీతాల బిల్లు దాకా మీ సంతకం మీదే నడుస్తాయి కాబట్టి, ఎవరైనా మీ ముందు ఆచితూచే మాట్లాడతారు.

మొదటి వారంలో ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు కూర్చోండి. ఏ పని ఆగిపోయిందో అడిగి డైరీలో రాసుకోండి. అక్కడికక్కడే మాట ఇవ్వకండి. మూడు రోజుల్లో చెబుతానని, ఆ గడువులోగా తప్పకుండా చెప్పండి.

భోజనం దగ్గరే చాలామంది పొరబడతారు. రోజూ తలుపు వేసుకుని ఒంటరిగా తింటే దూరం పెరుగుతుంది, రోజూ స్టాఫ్‌రూమ్‌లోనే కూర్చుంటే వాళ్లకు మనసులో మాట చెప్పుకునే చోటు ఉండదు. వారానికి రెండు రోజులు క్యారియర్ పట్టుకెళ్లి, ఫైళ్ల ఊసెత్తకుండా తిని, ఇరవై నిమిషాల్లో లేవండి. మిగతా రోజుల్లో మధ్యాహ్న భోజనం రుచి చూడాల్సిన పని ఎలాగూ ఉంది, పిల్లల వరసలోనే కూర్చోండి.

అసలు పరీక్ష స్నేహితుడి సీఎల్. "ఇవాళ రాలేను, లెటర్ రేపిస్తాలే" అని పొద్దున్నే ఫోన్. మొహమాటపడి రిజిస్టర్‌లో అతని గడి ఖాళీగా వదిలేశారా, సంతకం పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్ల కళ్లూ ఆ గడి మీదే పడతాయి. మర్నాడు ఇంకొకరికి కాదనలేరు. ప్రార్థనలోపు లెటరో మెసేజో రావాలన్న నియమం అందరికీ ఒకేలా పెట్టి, మొదట ఆ స్నేహితుడికే చెప్పండి.

మీరు లేని వాట్సాప్ గ్రూపు ఒకటి పుడుతుంది. అందులో ఎవరున్నారో ఆరా తీయకండి. స్టాఫ్‌లో ఒక్కరికే గోడు చెప్పుకోవడమూ వద్దు. "హెచ్‌ఎం మనిషి" అన్న పేరు పడి, పాపం అతనూ ఒంటరివాడవుతాడు. పక్క మండలాల్లో ఇద్దరు హెచ్‌ఎంలను చూసుకుని, శనివారం సాయంత్రం అరగంట ఫోన్‌కు వేళ పెట్టుకోండి. బిల్లుల సందేహాలు, మెమో ఇవ్వాలా వద్దా అన్న తర్జనభర్జన అన్నీ అక్కడే, టీచర్ పేరు మాత్రం చెప్పకుండా.

మీ సబ్జెక్టు పూర్తిగా వదలకండి. ఒక్క తరగతైనా, వారానికి ఆరు పీరియడ్లు ఉంచుకోండి. అదీ మొదటి పీరియడే, తర్వాతైతే ఆఫీసు ఫోన్లు కానివ్వవు. ఎంత తలనొప్పిగా ఉన్నా, చాక్‌పీస్ పట్టుకున్న ఆ నలభై నిమిషాలు మీరు మళ్లీ మాస్టారే.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, బడికి వెళ్లాలంటేనే గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు.

రెగ్యులర్ హెచ్‌ఎం వచ్చాక క్యాష్‌బుక్, స్టాక్ రిజిస్టర్లు, బీరువా తాళాలు జాబితా రాసి సంతకాలతో అప్పగించండి. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో పాత కుర్చీలో కూర్చున్నాక, హెచ్‌ఎం గదిలో విన్న ఒకరి అప్పు సంగతి, ఇంకొకరి ఆరోగ్యం సంగతి నోటివెంట రానివ్వకండి.