తాడుతో బొంగరం తిప్పి, నేల మీద గుండ్రంగా గీసిన గిరిలో గెలవడం ఎలా?

బొంగరం తుమ్మ కర్రదే కొనండి. ఏటికొప్పాక లక్క బొంగరాలు చూడ్డానికి బాగుంటాయి. కానీ అంకుడు కర్ర తేలిక, నాలుగు దెబ్బలకి ఆగదు. తాడు నూలుది. కోనసీమలో ఉన్నాం కదా అని కొబ్బరి పీచు తాడు పట్టుకొచ్చేవాళ్లున్నారు. అది బిరుసు, చుట్టు నిలవదు, వేళ్లు ఒరుసుకుపోతాయి. నేల గట్టిగా ఉండాలి. ఎండిన కళ్లం మేలు, లేదంటే సిమెంటు చప్టా. వానాకాలం మన ఒండ్రులో బొంగరం కింది మేకు దిగబడుతుంది, ఆ రోజుల్లో ఆడకండి.

తాడు కొంచెం తడపండి. మేకు మొదట్లో ఒక చుట్టు బిగించి, అక్కణ్ణుంచి పైకి చుట్టుకుంటూ రండి. చుట్లు ఒకదాన్నొకటి ఆనుకోవాలి, ఒకదాని మీదికొకటి ఎక్కకూడదు. కొసకి ముడి వేసి ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య ఇరికించండి.

ఇక విసరడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మేకు పైకి ఉండేలా పట్టుకోండి. చెయ్యి భుజం ఎత్తుకి లేపి ముందుకి విసరండి. చాలామంది బలమంతా విసురులోనే పెడతారు. బొంగరం దూరంగా పోయి పడి దొర్లుతుంది, తిరగదు. దాన్ని తిప్పేది విసురు కాదు, తాడు లాగుడు. తాడు చివరి చుట్టు విడిపోయే లోపు, బొంగరం నేలకి తగలకముందే, మణికట్టు వెనక్కి చటుక్కున లాగాలి. ముందు లాగితే కాళ్ల మీదికొస్తుంది. ఆలస్యమైతే తాడు ఊరికే జారిపోతుంది. ఆ అదును పట్టుబడేదాకా ఒంటరిగా సాధన చెయ్యండి. ఎదురుగా చిన్నపిల్లల్ని అస్సలు నిలబెట్టొద్దు, మేకు కంటికి తగిలితే అంతే. కింద నుంచి మెల్లగా వదిలే పద్ధతి సులువంటారు గానీ, దాంతో ఎదుటి బొంగరానికి దెబ్బే తగలదు.

బేబ్లేడ్ అనే ప్లాస్టిక్ బొంగరం బొమ్మతో ఆడే పిల్లలకి ఈ లాగుడు ఎంత చెప్పినా ఎక్కదు. ఆ బొమ్మని 1999లో తెచ్చిన జపాన్ వాళ్లకీ మూలం తాడు బొంగరమే, పాత బేగోమా. తర్వాత లాంచర్ అనే పరికరం పెట్టి లాగే పనంతా దానికే అప్పగించారు. ఆడేవాడికి మిగిలిందేంటి మరి?

పోరుకి బారెడు వెడల్పు గిరి గీయండి. లోపలున్న బొంగరానికి నడినెత్తిన కాదు, మీ వైపు అంచుకి గురి పెట్టండి, బయటికి దొర్లుతుంది. తిరగకుండా పడ్డ బొంగరం గిరిలో పెట్టాల్సిందే. "ఇంకోసారి వేస్తాను బాబాయ్" అని బతిమాలేవాణ్ణి మా పేటలో ఆటకే రానివ్వం.