ఇంగ్లండ్‌లో కింది డివిజన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లడం ఎలా

ఇంగ్లండ్‌కు చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ముందు చేసే పని, ఏదో పెద్ద క్లబ్ టికెట్ కోసం నెలలు తంటాలు పడడం, అది దొరక్క స్టేడియం బయట నిలబడి ఫొటో దిగి రావడం. నేనూ దిగాను. అప్పటికే నా అద్దె గదికి పదిహేను నిమిషాల నడకలో ఒక గ్రౌండ్ ఉంది, దాని ఫ్లడ్‌లైట్లు కిటికీలోంచి కనపడేవి కూడా, ఏడాదిపాటు వాటిని చూసి ఏదో గోడౌన్ అనుకున్నాను. నాలుగో డివిజన్ జట్టు అది. ఇప్పుడు నాకు అక్కడ ఆరో సీజన్ నడుస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎలా వెళ్లాలి, ఏం కట్టుకెళ్లాలి అని అడుగుతుంటారు, అందుకే ఇదంతా.

ముందు డివిజన్ల మెట్లు తెలుసుకోండి, ఏటా బాగా ఆడిన జట్లు పై మెట్టుకు ఎక్కుతాయి, అట్టడుగున మిగిలినవి కింది మెట్టుకు పడిపోతాయి. పైన ప్రీమియర్ లీగ్, 20 జట్లు. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. లీగ్ వన్ అంటే మూడో డివిజన్, పేరు చూసి మోసపోకండి. ఈ మూడింటినీ కలిపి ఫుట్‌బాల్ లీగ్ అంటారు. వీటిలో ఒక్కో జట్టు సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో 23 సొంతూళ్లో. ఇంకా కిందికి పోతే నేషనల్ లీగ్, దాని కింద ఊరూరా చిన్న చిన్న లీగులు.

జట్టును పాయింట్ల పట్టిక చూసి ఎంచుకోకండి. ఇంటికి ఏ గ్రౌండ్ దగ్గరో అదే మీ జట్టు, అంతే. ఇందులో సెంటిమెంటు ఏమీ లేదు. మంగళవారం పని ముగించుకుని వచ్చి, జనవరి చలిలో మళ్లీ బూట్లు వేసుకుని గంటసేపు రైల్లో పోవాలంటే ఎవరివల్లా కాదు, రెండు నెలల్లో మానేస్తారు.

మ్యాచ్‌లు ఎక్కువగా శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఉంటాయి. ఆ సమయంలో (2:45 నుంచి 5:15 దాకా) ఇక్కడి టీవీలో ఫుట్‌బాల్ లైవ్ చూపించరు. పెద్ద మ్యాచ్ టీవీలో వస్తే చిన్న గ్రౌండ్లకు జనం రారేమోనని 1960ల్లో మొదలైన ఏర్పాటు ఇది. ఐపీఎల్ రోజు ఉప్పల్‌కు, రంజీ రోజు ఉప్పల్‌కు తేడా చూసినవాళ్లకు ఆ భయమేంటో వేరే చెప్పక్కర్లేదు.

టికెట్ క్లబ్ వెబ్‌సైట్‌లోనే కొనండి. స్టూడెంట్ ఐడీ ఉంటే చాలాచోట్ల తగ్గింపు ఇస్తారు, అడగనిదే చెప్పరు. కొనేటప్పుడు ఏ స్టాండో ఒకటికి రెండుసార్లు చూసుకోండి, అవతలి జట్టువాళ్లకు వేరే స్టాండ్ ఉంటుంది, పొరపాటున అది కొంటే లోపలికి పోయాక మార్చరు. రంగుల విషయంలోనూ జాగ్రత్త. నేను మొదటి మ్యాచ్‌కు వేసుకెళ్లిన స్వెట్టర్ అవతలి జట్టు రంగు, నాకేం తెలుసు, మా అమ్మ అల్లి పంపింది. ఎవరూ కొట్టలేదు గానీ గేటు దగ్గర స్టీవార్డు (జనాన్ని చూసుకునే గ్రౌండ్ మనిషి) నా జాకెట్ జిప్ పైదాకా వేసుకోమని సైగ చేశాడు. పక్క ఊరి జట్టుతో మ్యాచ్ అయితే పాత కొనుగోళ్లు లేనివాళ్లకు టికెట్ అమ్మకపోవచ్చు, కాబట్టి మొదటిసారికి మామూలు మ్యాచ్ పెట్టుకోండి.

నిలబడి చూసే టెర్రస్ ఉంటే అక్కడికే వెళ్లండి. 1989లో హిల్స్‌బరో స్టేడియం టెర్రస్‌లో జనం ఒత్తిడికి నలిగి చనిపోయిన దుర్ఘటన తర్వాత పై రెండు డివిజన్ల గ్రౌండ్లలో అందరికీ కుర్చీలే ఉండాలన్నారు గానీ, కింది డివిజన్లలో చాలా క్లబ్బులు పాత టెర్రస్‌లు ఉంచుకున్నాయి. కాంక్రీటు మెట్ల మీద రెండు గంటలు నిలబడితే చలి అరికాళ్లలోంచి ఎక్కుతుంది. రెండు జతల సాక్సులు, గ్లౌజులు. మంకీ క్యాప్ పెట్టుకోండి, ఎవరూ నవ్వరు.

తిండి దగ్గర ఒక్క హెచ్చరిక. కౌంటర్‌లో కప్పుల్లో పొగలు కక్కుతూ కషాయం రంగులో ఒకటి అమ్ముతారు, బోవ్రిల్ అని. మన మిరియాల చారులా కనపడుతుంది. బీఫ్ సారంతో చేస్తారు, తిననివాళ్లు గుర్తుపెట్టుకోండి. శాకాహారులకు చీజ్ అండ్ ఆనియన్ పై (pie, కూరిన పిండి వంటకం) దొరికితే అదృష్టం, లేదంటే చిప్సే. ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అని ఒక క్లబ్ ఉంది, అక్కడ గ్రౌండ్‌లో తిండి మొత్తం వీగనే, కానీ తిండి కోసం అంత దూరం పోలేం కదా. బీరు కొనుక్కోవచ్చు, అయితే మైదానం కనపడేచోట తాగకూడదని చట్టం. బాగా కింది లీగుల్లో ఆ పట్టింపు లేదు, గ్లాసు పట్టుకుని గోల్ వెనకే నిలబడొచ్చు.

రెండో సగంలో మైకులో ఇవాళ ఇంతమంది వచ్చారని చెప్తారు. చుట్టూ చూస్తే అంతమంది కనపడరు. సీజన్ టికెట్ (సొంతూరి మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకేసారి కొనేది) కొని ఇంట్లో కూర్చున్నవాళ్లను కూడా కలిపి చెప్పడం మామూలే. ఆ అంకెతో అభిమానాన్ని కొలవకండి, ఎందుకంటే అభిమానం ఉండి కూడా రానివాళ్లు ఉంటారు. కొవెంట్రీ సిటీనే తీసుకోండి, మన స్టూడెంట్లు చాలామంది ఉండే ఊరే. స్టేడియం అద్దె గొడవతో 2013లో ఆ క్లబ్ మ్యాచ్‌లను దాదాపు 35 మైళ్ల దూరంలోని నార్తాంప్టన్‌కు మార్చారు. చాలామంది అభిమానులు ఒక్క పెన్నీ కూడా ఇచ్చేది లేదని భీష్మించారు. కొందరు అంతదూరం వెళ్లి మరీ గ్రౌండ్‌లోకి అడుగుపెట్టకుండా, బయట ఉన్న గుట్టెక్కి అక్కడి నుంచి చూశారు. లోపల సగటున రెండు వేల చిల్లర మంది. అదే జట్టు 2017 ఏప్రిల్‌లో, మూడో డివిజన్ అట్టడుగున ఉండి నాలుగో డివిజన్‌కు పడిపోతున్న నెలలోనే, పెద్ద క్లబ్బులు పట్టించుకోని ఒక చిన్న కప్పు ఫైనల్ ఆడితే లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి కొవెంట్రీ నుంచి 40 వేల మందికి పైగా వెళ్లారు. వీళ్లంతా అన్నాళ్లూ ఎక్కడున్నారని అడిగితే, గుట్ట మీదో ఇంట్లోనో ఉన్నారు.

మీరు అలవాటు పడ్డాక చేయాల్సింది, అభిమానుల ట్రస్ట్‌లో, అంటే క్లబ్ బాగోగులు చూడ్డానికి అభిమానులే పెట్టుకున్న సంఘంలో చేరడం. ఏటా కట్టేది చిన్న మొత్తమే. కింది డివిజన్లలో జట్టు ఓడిపోతుందన్న టెన్షన్ కంటే క్లబ్బే మూతపడుతుందన్న టెన్షన్ పెద్దది. 1885లో పుట్టి, ఇంగ్లండ్‌లో పెద్ద నాకౌట్ కప్పయిన ఎఫ్ఏ కప్ రెండుసార్లు గెలిచిన బరీ క్లబ్‌ను డబ్బు ఏర్పాట్లు చూపించలేదని 2019 ఆగస్టులో లీగ్ నుంచే తీసేశారు. ఇంకోపక్క ఎక్సెటర్ సిటీ 2003 నుంచి అభిమానుల ట్రస్ట్ చేతిలోనే ఉంది. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి ఒప్పుకున్నారని 2002లో వింబుల్డన్ అభిమానులు సొంతంగా ఇంకో క్లబ్ పెట్టి, కింది నుంచి మొదలుపెట్టి, 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి తెచ్చారు.

జెర్సీ కొంటే వెనక ఆటగాడి పేరు వేయించకండి. ఇక్కడ సగం మంచి ఆటగాళ్లు పై క్లబ్బుల నుంచి అరువుకు వచ్చినవాళ్లు. నేను డిసెంబర్‌లో డబ్బులు కట్టి పేరు వేయించాను, జనవరిలో అతన్ని సొంత క్లబ్ వెనక్కి పిలిపించుకుంది. నా పక్క సీటు పెద్దాయన అది చూసి వారం వారం నవ్వుతాడు. ఆయన పద్ధతులు వేరు. చొక్కా జేబులో బాల్‌పాయింట్ పెన్ను, ప్రోగ్రాం పుస్తకంలో ఎవరు దిగారు ఎవరు పోయారు అన్నీ రాసుకుంటాడు, ఆటంతా తిడతాడు, 85వ నిమిషంలో బస్సుకని లేచిపోతాడు. ఆ తర్వాత పడ్డ గోల్ ఎవరు కొట్టారో వచ్చే మ్యాచ్‌కు నన్నడిగి పాత పుస్తకంలో ఎక్కిస్తాడు. మీకు అలాంటి మనిషి కావాలంటే ప్రతిసారీ అదే చోట సీటు తీసుకోండి, అక్కడా ఇక్కడా మారకండి.

బయల్దేరే ముందు క్లబ్ పేజీ చూడండి. వానకు నీళ్లు నిలిచినా, మంచుకు గడ్డకట్టినా మధ్యాహ్నం పిచ్ ఇన్‌స్పెక్షన్ చేసి మ్యాచ్ వాయిదా వేస్తారు, రెండుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. అలా వాయిదా పడ్డవి తర్వాత ఏదో మంగళవారం రాత్రికి పెడతారు. శనివారాలు షిఫ్టులు చేసుకునే స్టూడెంట్లకు ఇదే అవకాశం, మంగళవారం మ్యాచ్ 7:45కు మొదలైతే పదింటికల్లా బయటపడతారు, చివరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకోండి. సీజన్ టికెట్ మాత్రం మొదటి ఏడాదే కొనొద్దు. శనివారాలు ఖాళీ లేనివాళ్లు 23లో సగం కూడా చూడలేరు, విడిగా కొనుక్కుంటేనే చవక.