క్రెడిట్ స్కోరు 760, క్రెడిట్ కార్డు మాత్రం రిజెక్ట్: ముందు ఎక్కడ చూడాలి

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ కింద టీ కొట్టు దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "అన్నా, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది, 25,000 లిమిట్ కార్డు ఒకటుంది, స్కోరు 760. ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఉన్న కార్డుకి అప్లై చేస్తే రిజెక్ట్ కొట్టారు." రిపోర్ట్ చూశావా అంటే, "చూశా అన్నా, 760" అంటాడు. అది స్కోరు నాయనా. రిపోర్ట్ అంటే నీ పేరు మీదున్న ప్రతి అప్పూ, ప్రతి నెలా ఎలా కట్టావో రాసి ఉండే పేజీలు. అది తెరిచినవాడు పదిమందిలో ఒకడు కూడా ఉండడు.

ఈ రిపోర్టులు తయారుచేసే బ్యూరోలు మన దేశంలో నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్ట్ మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. పేమెంట్ యాప్‌లో కనిపించే అంకె ఒక బ్యూరోది, బ్యాంకు చూసేది ఇంకొకటి కావచ్చు. పైగా యాప్‌లోది కొన్ని నెలల కిందటిదీ కావచ్చు. ఇంకో మాట, కార్డు ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. అడగండి. "బ్యాంకు పాలసీ" అని ఒక్క లైను వచ్చినా సరే, కొన్నిసార్లు అందులో "బ్యూరో" అన్న మాట దొరుకుతుంది. అంటే చిక్కు రిపోర్ట్‌లో ఉందన్నమాట, దాంతో సగం పని అయిపోతుంది.

స్కోరే లేదు, -1 చూపిస్తోంది

ఇంతవరకూ అప్పే తీసుకోలేదని అర్థం, తప్పేమీ కాదు. జీతం ఖాతా ఉన్న బ్యాంకులో ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకోండి. కనీసం ఆరు నెలలు వాడాకే పెద్ద కార్డు సంగతి.

ప్రతి నెలా పూర్తిగా కడుతున్నా, స్కోరు కదలట్లేదు

లిమిట్ చిన్నది, వాడకం పెద్దది. 25,000 లిమిట్‌లో పీజీ అద్దె, సరుకులు, పండక్కి ఊరెళ్లే బస్సు టికెట్లు అన్నీ గీకితే బిల్లు 21,000 వస్తుంది. గడువులోపు మొత్తం కట్టేస్తారు, వడ్డీ పడదు. కానీ బ్యూరోకి వెళ్లేది ఆ 21,000. అంటే 84 శాతం వాడకం. బిల్లు తయారవడానికి రెండు మూడు రోజుల ముందే 16,000 కట్టేస్తే బిల్లు 5,000 మీద వస్తుంది, వాడకం 20 శాతానికి దిగుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకి కనీసం రెండుసార్లు బ్యూరోలకి వివరాలు పంపాలి కాబట్టి బిల్లు తేదీ ఒక్కటే చూసుకుంటే చాలదు. అప్లై చేయబోయే ముందు రెండు నెలలు ఏ రోజు చూసినా 30 శాతం లోపే ఉంచండి.

స్కోరు బాగుంది, వాడకం తక్కువ, అయినా రిజెక్ట్

నన్ను కాల్చింది ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా.

2022లో రాత్రి భోజనం ఆర్డర్ చేస్తుంటే "తర్వాత కట్టండి" అనే బటన్ కనిపించింది. నొక్కాను. 5,000 లిమిట్, నెలకోసారి బిల్లు. కొన్నాళ్లు వాడి మర్చిపోయాను. ఈలోగా నెల్లూరు నంబరుకి రీఛార్జ్ ఆపేసి, బెంగళూరు నంబరుతో యాప్‌లోకి వెళ్లాను. యాప్‌కి నేను కొత్త మనిషిని. పాత నంబరు మీద 214 రూపాయలు అలాగే ఉండిపోయాయి. మెసేజీలన్నీ చచ్చిపోయిన నంబరుకి వెళ్లాయి.

మరుసటి ఏడాది మంచి కార్డుకి అప్లై చేస్తే రిజెక్ట్. యాప్‌లో స్కోరు నిక్షేపంగా ఉంది. సిబిల్ రిపోర్ట్ తెరిస్తే ఎప్పుడూ వినని ఫైనాన్స్ కంపెనీ పేరు మీద ఒక లోన్, దాని కింద నెలనెలా డీపీడీ 28, 59, 90... డీపీడీ అంటే గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్పే అంకె. ఆ గడిలో 000 గానీ ఎస్‌టీడీ (స్టాండర్డ్) గానీ ఉంటే మంచిది. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆ నెల వివరం రాలేదని, భయపడక్కర్లేదు.

ఎవడో నా పాన్‌తో లోన్ తీసుకున్నాడని టెన్షన్ పడి, "ఇది నాది కాదు" అని బ్యూరోలో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేశాను. నెల తర్వాత, కంపెనీ వివరాలు సరైనవే అంటోంది అని జవాబు. అసలు మోసం ఇక్కడే ఉంది: యాప్ పేరు ఒకటి, అప్పిచ్చే కంపెనీ పేరు ఇంకొకటి. యాప్ పేరు రిపోర్ట్‌లో ఎక్కడా ఉండదు. ఆ కంపెనీ పేరు పాత మెయిల్‌లో వెతికితే, బటన్ నొక్కిన రోజే వచ్చిన లోన్ అగ్రిమెంట్ దొరికింది. అంటే అది నాదే.

పదేళ్ల చరిత్ర, ఏడెనిమిది ఖాతాలు ఉన్నవాడికి ఇలాంటిది ఒక మరక. మనకున్నవి రెండే ఖాతాలు, అందులో ఒకటి చెడ్డది. బ్యాంకుకి అలాగే కనిపిస్తాం.

ఏం చేయాలంటే, తెలియని పేరు కనిపించగానే డిస్ప్యూట్ వేయకండి, ముందు మెయిల్ అంతా వెతకండి. బాకీ ఉంటే కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే కట్టండి, ఫోన్ చేసిన రికవరీ వాడి యూపీఐకి కాదు. "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అంటారు. వద్దు. రిపోర్ట్‌లో "సెటిల్డ్" అని పడితే, అంటే మొత్తం కట్టలేదని, అది వేరే తలనొప్పి. లేట్ ఫీజు మాఫీ అడగండి, ఇవ్వకపోతే మొత్తం కట్టి, "క్లోజ్డ్" అని నమోదు చేయించి, బాకీ లేదన్న లెటర్ తీసుకోండి. బాకీ లేకపోయినా, వాడని పే లేటర్ (ఆ "తర్వాత కట్టండి") ఖాతాని మెయిల్ పెట్టి మూయించండి. యాప్ డిలీట్ చేస్తే ఖాతా మూసినట్టు కాదు.

ఆ లెటర్ పెట్టి డిస్ప్యూట్ వేస్తే 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం అడగొచ్చు. నిజంగా ఆలస్యం చేసిన నెలలు మాత్రం చెరగవు, సిబిల్‌లో 36 నెలల వరకూ కనిపిస్తాయి. "సిబిల్ క్లీన్ చేస్తాం" అనే ఏజెంట్లకు డబ్బు పోయకండి. నాకు కార్డు రావడానికి ఇంకో పదకొండు నెలలు పట్టింది.

దీని తమ్ముడే ఎడ్యుకేషన్ లోన్. ఊళ్లో నాన్నగారు పంట డబ్బు చేతికొచ్చాక మూడు నెలలదీ ఒకేసారి కడతారు. తెలిసిన మేనేజరు, ఏమీ అనడు. కానీ లోన్ మీ పేరు మీద ఉంది, ఆలస్యం మీ రిపోర్ట్‌లో పడుతుంది. నాన్నగారితో వాదించకండి, మీ జీతం ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టేయండి.

వారంలో నాలుగు బ్యాంకులు, నాలుగూ రిజెక్ట్

మొదటిది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా మిగతా మూడూ వేశారు. ప్రతి అప్లికేషనూ రిపోర్ట్‌లో ఎంక్వైరీగా (బ్యాంకు మీ రిపోర్ట్ అడిగినట్టు) పడుతుంది. ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చోండి.

పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండటం, పీజీ అడ్రసుకి ప్రూఫ్ లేకపోవడం, మీరు పనిచేసే స్టార్టప్ పేరు బ్యాంకు లిస్టులో లేకపోవడం, ఇవీ ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి.

అంతా శుభ్రంగా ఉంటే మొదట జీతం ఖాతా ఉన్న బ్యాంకునే అడగండి. నెలనెలా జీతం వాళ్ల కళ్లముందే పడుతోంది కదా. కొత్త కార్డు వచ్చిందని ఆ పాతికవేల కార్డు మూసేయకండి, మీ చరిత్రలో పాతది అదే. నా మొదటి ఎఫ్‌డీ కార్డుతో ఇప్పటికీ నెలకోసారి మొబైల్ రీఛార్జ్ చేస్తుంటాను.