మార్కెటింగ్ మారిపోతుంటే ఉద్యోగంలో నిలబడటం ఎలా: నేను చేసుకున్న పనులు

2008లో విజయవాడ గవర్నరుపేటలో ఒక యాడ్ ఏజెన్సీలో చేరినప్పుడు నా చేతికి మొదట ఇచ్చింది ఒక స్టీలు స్కేలు. పొద్దున్నే అన్ని పేపర్ల జిల్లా ఎడిషన్లు ముందేసుకుని, ఏ బట్టల షాపు ఎన్ని కాలమ్ సెంటీమీటర్ల యాడ్ వేసిందో కొలిచి రాసేదాన్ని. మధ్యాహ్నం పేపర్లకి యాడ్ వేయమని పంపే రిలీజ్ ఆర్డర్లు, సాయంత్రం లోకల్ కేబుల్ స్క్రోలింగుకి మ్యాటరు. వీటిలో ఒక్క పనీ ఇప్పుడు నేను చేయడం లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మా క్లయింట్ల పేపరు బడ్జెట్లు మెల్లగా ఫోన్లోకి మళ్లాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు, ఏడాదిగా పెంచిన ఒక షాపు అకౌంటు ఒక్క రాత్రిలో పోయింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. కొన్ని నెలలకే అప్పటి మా ఆఫీసులో యాడ్లకి మాటలు రాసే ముగ్గురు కాపీరైటర్లలో ఇద్దరిని తీసేశారు. ఇద్దరూ నాకంటే బాగా రాసేవాళ్లు. వాళ్లు పోయి నేనెందుకు మిగిలాను అని చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆలోచిస్తే నా జవాబు ఎప్పుడో ఒక ఆషాఢం సేల్ దగ్గర ఉంది. షాపు కిక్కిరిసిపోయింది. ఓనరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఇన్ని లక్షలు పెట్టాం కదమ్మా, ఈ జనం దేనివల్ల వచ్చారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి మూడు రోజులు బిల్లింగ్ కౌంటర్ పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. బిల్లు కట్టే ప్రతి ఒక్కరినీ "మా షాపు గురించి మీకెలా తెలిసిందండీ?" అని అడిగాను. మేం ఎక్కువ డబ్బు పెట్టిన ఫుల్ పేజీ యాడ్ పేరు చెప్పినవాళ్లు తక్కువ. పక్కింటావిడ చెప్పిందనో, ఆటో మైకులో విన్నామనో అన్నవాళ్లే ఎక్కువ. అప్పటి నుంచి ఆ ఓనరు గారు ఏ ఖర్చు పెట్టాలన్నా నాకు ఫోన్ చేసేవారు. మీరు ఏ కొత్త టూల్ నేర్చుకున్నా ఆయన ప్రశ్నకి జవాబు చెప్పడానికే నేర్చుకోండి.

మొదట ఒక వారం పాటు మీరు చేసే ప్రతి పనినీ, దానికి పట్టిన టైమునీ రాయండి. తర్వాత పక్కన గుర్తులు పెట్టండి: యంత్రం చేసేయగలిగేది, యంత్రం చేసినా నేను సరిచూడాల్సింది, నేనే చేయాల్సింది. నా లిస్టు చూసి నాకు భయమేసింది. క్యాప్షన్లు, బ్యానర్ సైజులు మార్చడం, నెలాఖరు రిపోర్టు, ఇవన్నీ కలిపితే దాదాపు సగం వారం. వాటిని పట్టుకుని వేలాడకుండా నేనే యంత్రానికి అప్పగించి, ఆ సంగతి మేనేజరుకి చెప్పేశాను. మిగిలిన టైములో పాత కస్టమర్లకి ఫోన్లు చేస్తానని అడిగి ఒప్పించుకున్నాను. ఈ మార్పు మీరే ముందు చెప్పడం మంచిది. పైవాళ్లు లెక్కలేసుకుని వచ్చి చెప్పేసరికి మాట్లాడటానికి ఏమీ మిగలదు.

రెండోది, మీ సొంత డబ్బుతో ఒక యాడ్ నడపండి. కోర్సు సర్టిఫికెట్ కంటే ఇది ఎక్కువ నేర్పుతుంది. మా పిన్ని వేసవిలో ఆవకాయ పెట్టి అమ్ముతుంది. రోజుకి 200 రూపాయల చొప్పున పది రోజులు, నొక్కితే నేరుగా వాట్సాప్‌లోకి వచ్చేలా యాడ్ పెట్టాను. ఆఫీసులో లక్షల బడ్జెట్ నడిపినప్పుడు పట్టించుకోనివన్నీ అక్కడ కనపడ్డాయి. ఫేస్‌బుక్ పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్ నొక్కితే లైకులు వచ్చాయి. పూర్తి సెట్టింగులుండే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, మెసేజ్‌లే కావాలని ఎంచుకుంటే ఆర్డర్లు వచ్చాయి. రాత్రి పదకొండింటికి "రేటెంత" అని అడిగినావిడకి పొద్దున్న జవాబిస్తే అప్పటికే వేరేచోట కొనేసింది. మీ ఇంట్లోనో వీధిలోనో ఏదో ఒకటి అమ్మేవాళ్లు ఉంటారు. వాళ్ల అనుమతితో, మీ రెండు వేలతో మొదలుపెట్టండి.

ఇక లెక్క. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన తెలుగు మార్కెటింగ్ వాళ్లు ఎక్కువగా తప్పించుకునేది దీన్నే. వెబ్‌సైటుకి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కేసే గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ 2023 జూలై 1న కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది. ఏడాది తర్వాత పాత డేటా చూసే దారి కూడా మూసేసింది. నాకు తెలిసిన ఒక షాపు ఐదేళ్ల పండగ సీజన్ల లెక్కలు అలాగే పోగొట్టుకుంది. డౌన్‌లోడ్ చేసి పెట్టడం ఎవరి పనో ఎవరూ తేల్చుకోలేదు. ఇప్పుడున్న కొత్త వెర్షన్ జీఏ4లోనూ ఒక సెట్టింగ్ ఉంది: వివరమైన డేటాని మామూలుగా రెండు నెలలే దాచుతుంది. అడ్మిన్‌లోకి వెళ్లి దాన్ని 14 నెలలు చేయండి. లేకపోతే వచ్చే ఆషాఢాన్ని పోయిన ఆషాఢంతో లోతుగా పోల్చి చూడలేరు.

మీరు పంచే ప్రతి లింకుకీ యూటీఎం తోక, అంటే మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పే గుర్తు, చివర తగిలించండి. వాట్సాప్ గ్రూపుకి ఒకటి, ఇన్‌స్టా బయోకి ఒకటి, పాంప్లెట్ మీద క్యూఆర్ కోడ్‌కి ఒకటి. నేను కౌంటర్ దగ్గర అడిగిన ప్రశ్ననే ఈ తోక అడుగుతుంది. అయితే యాడ్ రిపోర్టుని ఒక్కదాన్నే నమ్మకండి. అమెరికాలోని మనవాళ్లకి పచ్చళ్లు పంపే ఒక క్లయింటుకి 2021 వేసవిలో ఫేస్‌బుక్ రిపోర్టులో అమ్మకాలు సగానికి పడిపోయినట్టు కనిపించాయి. ఆయన యాడ్స్ ఆపేయబోయారు. బ్యాంకు ఖాతా చూస్తే డబ్బు పెద్దగా తగ్గలేదు. అంతకు ముందు ఏప్రిల్లో ఆపిల్ తన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో, యాప్‌లు ట్రాక్ చేయాలంటే ముందు ఫోన్ వాడేవాళ్లనే అడగాలని పెట్టింది. ఆయన కస్టమర్లలో ఎక్కువమంది ఐఫోన్ వాళ్లు. కొన్నది కొన్నారు, రిపోర్టుకే కనపడలేదు. ప్రతి సోమవారం బిల్లుల మొత్తాన్నీ యాడ్ రిపోర్టునీ పక్కపక్కన పెట్టి చూడటం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

తెలుగు రాయడంలో ఏఐని వాడండి, కానీ కాపలా ఉండండి. "పెట్టుబడి చీరలు" మీద పోస్టు రాయమంటే నాకొకసారి "విలువ పెరిగే చీరల్లో మదుపు చేయండి" అని రాసిచ్చింది. పెళ్లికి బంధువులకి పెట్టే చీరలని మనకి తెలుసు, దానికి తెలియలేదు. నేనూ హైదరాబాద్ వచ్చేదాకా ఒడిబియ్యం చీరల (తెలంగాణలో పెళ్లయిన ఆడపిల్లకి ఒడిలో బియ్యం పోసే వేడుకలో పెట్టేవి) కోసం జనం విడిగా షాపుకి వస్తారని తెలియని కృష్ణా జిల్లా మనిషినే. అందుకే సేల్స్ గర్ల్స్ పక్కన కూర్చుని కస్టమర్లు అడిగే మాటలు యథాతథంగా రాసుకుంటాను. ఆ మాటల్నే, జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఎలా టైప్ చేస్తారో కూడా చేర్చి, ఏఐకి ముందు ఇస్తాను. వచ్చినదాన్ని పైకి చదువుతాను. నోరు తిరగని వాక్యం ఉంటే కొట్టేస్తాను.

చట్టం తెలిసిన మార్కెటింగ్ మనిషికి విలువ పెరుగుతోంది. ఒక ఆయుర్వేద షాపు కోసం ఏఐ "షుగర్ పూర్తిగా నయం" అని రాసింది. అలాంటి ప్రకటనలు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. రిజిస్ట్రేషన్ అవసరమైన వెంచరుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందే యాడ్ వేయకూడదు. బల్క్ ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో మెసేజ్ నమూనా (టెంప్లేట్) నమోదు కావాలి. లక్కీ డ్రా పేరుతో నంబర్లు సేకరించి ఏళ్ల తరబడి మెసేజ్‌లు పంపే పద్ధతికి 2023 డేటా రక్షణ చట్టంతో రోజులు చెల్లుతున్నాయి. డేటా భద్రత సరిగా చూసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఈ నాలుగూ ఒక పేజీలో రాసి డెస్క్ ముందు అతికించుకోండి.

నేర్చుకోవడానికి ఆదివారం పొద్దున రెండు గంటలు పెట్టుకున్నాను. గూగుల్ ఆన్‌లైన్ పాఠాల సైటు స్కిల్‌షాప్ ఉచితం. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా వాళ్ల యాడ్ లైబ్రరీలో పోటీ షాపు ఇప్పుడు ఏ యాడ్స్ నడుపుతోందో ఎవరైనా చూడొచ్చు. ఒకప్పుడు స్కేలుతో కొలిచిన పనే అది. వయసులో చిన్నవాళ్ల పక్కన కూర్చుని అడగడానికి మొహమాటపడకండి. నాకు రీల్ ఎడిటింగ్ నేర్పింది మా ఆఫీసులో ఇరవై రెండేళ్ల ఇంటర్న్. ఆ అబ్బాయికి నేను క్లయింటుతో రేటు మాట్లాడటం నేర్పాను.

ఉద్యోగం మారేటప్పుడు రెజ్యూమెలో టూల్స్ పేర్ల జాబితా చిన్నది చేయండి. దాని బదులు మూడు పనుల గురించి ఒక్కో అర పేజీ రాయండి: క్లయింటు ఇబ్బంది ఏమిటి, ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని బిల్లులు పెరిగాయి, ఏది పని చేయలేదు. క్లయింటు పేరు తీసేయండి. నా కిందటి ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు పిన్ని ఆవకాయ యాడ్ గురించే అడిగారు.