నిప్పురవ్వ లేవకముందే: ఆర్ట్ క్లాసులో ఇనుప మనిషి బొమ్మ చేసేవాళ్లకు జాగ్రత్తలు

ఈ ఎండాకాలం సెలవుల్లో మా పిల్లలతో మళ్లీ ఇనుప చువ్వల మనిషి బొమ్మ పెట్టుకున్నాం. నల్లగొండ, పాలమూరు వైపు ఇంకెవరైనా డ్రాయింగ్ సార్లు, మేడమ్‌లు ఇదే ఆలోచనలో ఉంటే, వెల్డింగ్ మెషిన్ ఆన్ చేయకముందే ఇది చదవండి.

మా మొదటి బొమ్మ, తల మీద తట్టతో అడుగు వేస్తున్న పాలమూరు లేబర్. అయిదడుగుల ఎత్తు. కాగితం మీద చాలా బాగా వచ్చింది. రంగు కూడా వేశాక వెల్డింగ్ షాపు బయటికి తెచ్చి నిలబెట్టి చెయ్యి వదిలితే ముందుకు పడిపోయింది. తట్ట అంచు నా మోకాలి కింద తెగేసింది, మూడు కుట్లు పడ్డాయి. అక్కడ పిల్లలెవరైనా నిలబడి ఉంటే తలకే తగిలేది. వెల్డర్ అన్న పనిలో లోపం లేదు. బరువు ఎటు పడుతుందో నేనే చూసుకోలేదు.

అందుకే ముందు బైండింగ్ వైరుతో 15 అంగుళాల చిన్న బొమ్మ చేయించండి. మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు కాబట్టి తల 2 అంగుళాలు వస్తుంది. ప్రతి కొలతనూ నాలుగుతో గుణిస్తే అయిదడుగుల బొమ్మ లెక్క తేలిపోతుంది. తట్టను కూడా అదే వైరుతో అల్లాలి, కాగితంతో చేస్తే బరువు లెక్క తప్పుతుంది. ఇప్పుడు చిన్న బొమ్మను భుజం దగ్గర దారం కట్టి వేలాడదీయండి. ఊగడం ఆగాక పక్క నుంచి చూస్తే, బరువంతా దారం గీత కిందే ఎక్కడో ఉంటుంది. ఆ గీత ఒంట్లో ఎక్కడెక్కడ పోతుందో గుర్తు పెట్టుకోండి. తర్వాత తట్ట అంచుకు కట్టి మళ్లీ చూడండి. రెండు గీతలు కలిసేదే అసలు చోటు. బొమ్మను నిలబెట్టినప్పుడు ఆ చోటు నుంచి దారానికి గుండు కట్టి వదిలితే అది రెండు పాదాల మధ్యలో పడాలి. వేలి మందం బయటికి పోయినా భంగిమ మార్చండి. ఇనుము తెచ్చాక మార్చడం కష్టం.

నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే స్తంభం నీడ మన పిల్లలందరూ చూసిందే. అదే ఆసక్తితో ఈ చిన్న బొమ్మను సాయంత్రం పూట తెల్ల గోడ ముందు పెట్టి చూపించండి. నడక నడకలాగా ఉందా, వీపు వంపులో బరువు కనిపిస్తోందా అనేది నీడ వెంటనే చెప్పేస్తుంది.

పెద్ద బొమ్మ బరువు ముందే లెక్క వేసుకోవాలంటే, చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాంతోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. చువ్వ మీటరుకు సుమారు 890 గ్రాములు, 8 మి.మీ. చువ్వ 395 గ్రాములు. రెండడుగుల చదరం, 6 మి.మీ. మందం ఉన్న, బొమ్మ కింద పెట్టే ఇనుప ప్లేటు ఒక్కటే 17 కిలోలు దాటుతుంది. దాన్ని నేలకు బిగించడానికి నాలుగు మూలలా బోల్టు రంధ్రాలు వేయించండి. బొమ్మ ఎంత బాగా నిలబడినా పిల్లలు దాన్ని పట్టుకుని ఊగుతారు.

పాత సామాన్ల షాపులో ఏది తేవాలన్నదాని కంటే ఏది తేకూడదన్నది ముఖ్యం. తెల్లగా మెరిసే జీఐ పైపు వద్దు. దాని మీది జింకు కాలి తెల్ల పొగ లేస్తుంది, ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలి జ్వరం. క్రోమ్ పూసిన హ్యాండిళ్లూ వద్దు. బండి పెట్రోల్ ట్యాంకు, నూనె డ్రమ్ము ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. షాక్ అబ్జార్బర్ కూడా వేడికి పగలొచ్చు. చైన్లు, పళ్ల చక్రాలు మాత్రం బాగుంటాయి, గ్రీజు పూర్తిగా తుడిచాకే.

వెల్డింగ్ రాడ్ బిగించే హోల్డర్ పట్టే ముందు రెండు రోజులు వెల్డింగ్ షాపులో కూర్చోండి. స్పెయిన్ శిల్పి హూలియో గొంజాలెజ్ 1918లో పారిస్ దగ్గర రెనో ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత పికాసో ఇనుప బొమ్మలకు చెయ్యి సాయం చేసింది ఆయనే. అయితే 18 ఏళ్లు నిండని పిల్లల చేతికి హోల్డర్, గ్రైండర్ ఇవ్వొద్దు. వాళ్లు కొలవాలి, వంచాలి, కట్టాలి, రంగు వేయాలి. ఆ పని తక్కువేం కాదు.

వెల్డింగ్ వెలుగును పక్కన నిలబడి చూసినా కళ్లు దెబ్బ తింటాయి. అప్పుడేమీ తెలియదు. రాత్రి పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. ఆలుగడ్డ ముక్కలు, పాలు పెట్టకుండా కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెల్డింగ్ చేసేవాళ్లకు 10 లేదా 11 నంబరు నల్ల వెల్డింగ్ అద్దం ఉండాలి, చల్లద్దాలు సరిపోవు. పిల్లలకు కనిపించకుండా రేకు అడ్డం పెట్టండి.

గ్రైండర్ చక్రం నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. గార్డు తీసేసి వాడనివ్వొద్దు. చక్రం మధ్య రింగు మీద ముద్రించిన గడువు తేదీ చూడండి. మా దగ్గర మే నెల ఎండకు చెమట పట్టి గ్లవుజు తడిస్తే కరెంటు అందులోంచే వస్తుంది. పని పొద్దున పదింటికల్లా ఆపేయండి, మార్చుకోవడానికి రెండు జతల గ్లవుజులు దగ్గర ఉంచుకోండి, కాళ్ల కింద ఎండిన చెక్క వేసుకోండి. కాటన్ బట్టలే వేసుకోవాలి, చున్నీ, వదులు జడ ఉండొద్దు. ఎండు గడ్డి, వరి గడ్డి పక్కన ఉండకూడదు. పని అయ్యాక కూడా అరగంట అక్కడే ఉండి చూడండి, నిప్పు ఎక్కడైనా రాజుకోవచ్చు.

చివరగా, తుప్పు పట్టకుండా మొదట వేసే రెడ్ ఆక్సైడ్ పూయకముందు పాత కాటన్ గుడ్డ తీసుకుని బొమ్మ ఒళ్లంతా తుడవండి. వేళ్ల చివర్లు, తట్ట అంచు, పిల్లల కళ్ల ఎత్తుకు వచ్చే మోచెయ్యి వదలొద్దు. గుడ్డ దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి ఆకురాయితో గీకండి. మళ్లీ తుడవండి. దారం ఎక్కడా చిక్కకుండా అయ్యేంత వరకూ రంగు డబ్బా మూత తీయొద్దు.