ఆల్జినేట్ గుళికల్లో ప్రొటీన్‌ను నింపే పద్ధతి: అనంతపురం ఫార్మసీ ల్యాబ్‌ల కోసం

ఇన్సులిన్ లాంటి ప్రొటీన్ మందును నేరుగా మింగితే, తిన్న పప్పును అరిగించినట్టే కడుపు దాన్నీ అరిగించేస్తుంది. కడుపు దాటేదాకా దాన్ని మూసి ఉంచి, పేగుల్లో వదలడం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు, కాల్షియం తగిలితే గట్టిపడుతుంది) గుళిక పని. సాధనకు ఖరీదైన ఇన్సులిన్ వద్దు, బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రొటీన్) చాలు.

ముందు నీళ్ల సంగతి. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినజలం. అందులోని కాల్షియం ఆల్జినేట్‌ను ముందే పట్టేసి ఉండలు కట్టిస్తుంది. బీకర్లు చివరిసారి కడగడానికి కూడా డిస్టిల్డ్ వాటరే వాడండి.

8 మి.లీ. నీటిని స్టిర్రర్ మీద తిప్పుతూ 200 మి.గ్రా. సోడియం ఆల్జినేట్‌ను చిటికెడు చిటికెడుగా చల్లండి. ఒక్కసారే పోస్తే పిండి ముద్దలే మిగులుతాయి. బుడగలు పోయేందుకు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు 2 మి.లీ. నీటిలో కరిగించిన 50 మి.గ్రా. బీఎస్ఏ నెమ్మదిగా కలపండి. నురగ రానివ్వొద్దు, నురగలో ప్రొటీన్ ఆకారం చెడుతుంది. పీహెచ్ 6.5–7 ఉండాలి. 4.7 కన్నా తగ్గితే బీఎస్ఏ ధనావేశం పొంది ఆల్జినేట్‌తో ముద్దకడుతుంది.

చుక్కలు పడి గుళికలుగా గట్టిపడే తొట్టి ద్రావణం 50 మి.లీ.: 1% అసిటిక్ ఆమ్లంలో 250 మి.గ్రా. కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసే, గుళిక మీద పూతలా పట్టే పదార్థం) కరిగించి, వడగట్టి, 1 గ్రా. కాల్షియం క్లోరైడ్ వేసి, పీహెచ్ 5కు తెండి. 6.5 దాటితే కైటోసాన్ పాలలా విరిగిపోతుంది.

ఆల్జినేట్-బీఎస్ఏ ద్రావణాన్ని సన్నని 26జీ సూదితో, 5–8 సెం.మీ. ఎత్తు నుంచి తొట్టిలోకి చుక్కలుగా వదలండి. గుళికలకు తోక వస్తే ద్రావణం చిక్కనైందని, చపటగా వస్తే పల్చనైందని లేదా ఎత్తు ఎక్కువైందని అర్థం. ఇవి సుమారు 2 మి.మీ. ఉంటాయి. మైక్రాన్లలో కావాలంటే ఇదే ఆల్జినేట్‌ను స్పాన్ 80 (నూనెలో చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపే పదార్థం) కలిపిన లిక్విడ్ పారాఫిన్‌లో చిలకాలి, అది వేరే కథ.

ఎక్కువమంది ప్రొటీన్ పోగొట్టుకునేది తొట్టిలోనే. 20–30 నిమిషాలకు మించి నానబెడితే బలం పెద్దగా పెరగదు, ప్రొటీన్ మాత్రం బయటికి కారిపోతుంది. తొట్టి నీటిని పారబోయకుండా బ్రాడ్‌ఫర్డ్‌తో (ప్రొటీన్ తగిలితే నీలంగా మారే రంగు పరీక్ష) 595 నానోమీటర్ల దగ్గర కొలవండి. 50లో 15 మి.గ్రా. అక్కడ తేలితే, లోపల ఉన్నది 70%. బ్లాంక్‌గా (పోల్చడానికి సున్నా నమూనాగా) ప్రొటీన్ లేని గుళికల తొట్టి నీటినే పెట్టండి.

ఆరబెట్టడం డెసికేటర్‌లో, సిలికా జెల్‌తో. మే నెల ఎండలోనూ వద్దు, 60 డిగ్రీల ఓవెన్‌లోనూ వద్దు.

పరీక్ష 37 డిగ్రీల దగ్గర: 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 2 గంటలు, తర్వాత పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్. ఆమ్లంలో గుళిక ముడుచుకుంటుంది. ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసుకోగానే ఉబ్బి వదులుతుంది. ఆమ్లంలో పెప్సిన్ (కడుపులో ప్రొటీన్‌ను అరిగించే ఎంజైమ్) కూడా కలిపి ఒకసారి చేయండి. బయటికొచ్చిన ప్రొటీన్‌ను జెల్ మీద (ప్రొటీన్లను సైజు వారీగా విడదీసే పరీక్ష) నడిపి, చెక్కుచెదరని బీఎస్ఏకు గుర్తైన 66 కిలోడాల్టన్ల పట్టీ నిలిచిందో లేదో చూశాకే రిలీజ్ గ్రాఫ్ గీయండి.